ఇంజనీరు గారి పోస్టు ఓటు

గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది రియాద్‌లో మేము ఒక జర్మన్ ఇంజనీరు కింద పైపుల పని చేసేవాళ్లం. వాళ్ల రాష్ట్రంలో శాసనసభ ఎన్నికలొస్తే ఆయన ఇక్కడినుంచే పోస్టులో ఓటు పంపాడు. ఫలితాల మర్నాడు పొద్దున్నే, తన పార్టీ ఓడిపోయిందని ఆయనే చెప్పాడు.

మా కరీంనగర్ మేస్త్రీ ముఖం వాడిపోయింది. "ఇగ ఈయన పని ఖతం. గెలిచినోళ్లు వాళ్ల మనుషులను పెట్టుకుంటరు. మనం పెట్టెలు సదురుకునుడే" అన్నాడు.

మా దగ్గర సర్కారు మారితే కాంట్రాక్టర్లు మారతారు. అందుకే నేనూ నమ్మి, భయంభయంగా ఇంజనీరునే అడిగాను. ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు. ఓడినా తన ఓటు తనే వేశానని, ఇక పని మొదలుపెట్టమని అన్నాడు.

నాకు నా మీదే మండింది. ఊళ్లో నా ఓటు ఏళ్ల తరబడి మా వార్డు మెంబరే ఎవరితోనో వేయిస్తున్నాడు. తెలిసీ ఊరుకున్నాను.

మా ఊళ్లో తర్వాతి ఎన్నికలకు, నాకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌తో కొట్లాడి సెలవు తీసుకుని వచ్చాను. పోలింగు నాడు బడి తలుపులు తెరవకముందే వరుసలో మొదట నిలబడ్డాను. మెంబరు వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు.

"ఎప్పుడచ్చినవ్ తమ్మీ?"

"నీకంటె ముందే అన్నా."