డ్రమ్ములో కలిసిన పిడికెడు బియ్యం

“ఈ బియ్యం వండితే సగం ముద్ద, సగం పలుకు అవుద్ది మామ్మా. సంఘమంతా నవ్వుతారు.”

“నవ్వనీ. నవ్వే ముందు నోట్లో పెట్టుకుంటారు కదా.”

“నేను బిర్యానీ చెప్పేశాను. బతు బస్తీ హోటల్ భయ్యా రేపు పన్నెండుకల్లా పంపిస్తానన్నాడు. ఫైనల్.”

“మరి దేవుడి పేరున తీసిన బియ్యం? కోళ్ళకేస్తావా?”

“మీరిలా కలిపేశాక కోళ్ళు కూడా ఏరుకుని తినాలి మామ్మా!”

శనివారం మధ్యాహ్నం మా చర్చి వెనక రేకుల షెడ్డులో జరిగిన గొడవ ఇది. మర్నాడు సంఘ వార్షికోత్సవం. నాతో వాదిస్తున్నది స్త్రీల సమాజం సెక్రటరీ, హాడోలో ఆఫీసు ఉద్యోగం చేసుకునే పిల్ల. నా మనవరాలి వయసు. నాకేమీ జంకదు.

మా తెలుగు సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇంట్లో పిడికెడు బియ్యం దేవుడి పేరున డబ్బాలో వేస్తాం. నెల చివర చర్చికి తెస్తాం. ఎవరింట్లో పొయ్యి వెలగకపోతే ఆ ఇంటికి ఇచ్చి, మిగిలింది వార్షికోత్సవానికి వండుతాం. నేను ఈ దీవికి వచ్చిన కొత్తలో అందరం తినేది ఒకటే రేషను బియ్యం కాబట్టి ఒక డ్రమ్ము సరిపోయేది. ఇప్పుడు ఒకరు ఉప్పుడు బియ్యం, ఒకరు పచ్చి బియ్యం, ఇంకొకరు సన్నగా పొడుగ్గా ఉండేవి తెస్తున్నారు. డ్రమ్ముండగా సంచులెందుకు దండగ అని అన్నీ ఒక్కదాంట్లోనే పోయించింది నేనే. తప్పు నాదే.

అంతవరకు పరవాలేదు. కానీ ఆ పిల్ల, “వచ్చే ఏడు నుంచి ఈ పిడికెడు బియ్యం మానేద్దాం మామ్మా, ఎవరికీ పనికిరావడం నేదు” అంది.

నేను మూడో తరగతితో బడి మానేసి, పెళ్ళయ్యాక ఓడెక్కి ఇక్కడికి వచ్చినదాన్ని. రెండో వానాకాలంలో మా ఆయన జెట్టీ మీద బస్తాలు మోస్తూ కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో ఇద్దరు పసివాళ్ళు. మూడో రోజు సమాజం స్త్రీలు ఇద్దరు వచ్చి గడపలో బియ్యం మూట పెట్టారు. నాకొద్దన్నాను. అందులో పెద్దావిడ, “మేం ఇస్తున్నది కాదే పిల్లా, దేవుడి బియ్యం. నీ రోజులు బాగుపడ్డాక నువ్వూ తియ్యి” అంది. ఆయన లేచి నడిచేదాకా మా పొయ్యి ఆ పిడికిళ్ళ మీదే వెలిగింది. ఆనాటి నుంచి ఒక్క పూట కూడా నేను పిడికెడు తియ్యకుండా ఎసట్లో బియ్యం పోయలేదు.

ఇదంతా ఆ పిల్లకి చెప్పలేదు. “నేను పోయాక మానెయ్యండి” అన్నానంతే. ఆ పిల్ల డ్రమ్ములో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూసింది.

“మా అత్త ఉప్పిండికి ఏ బియ్యమైనా రవ్వ పట్టించేస్తాది. రవ్వయిపోతే ఏది ఏదో ఎవడికి తెలుస్తాది? చలో మామ్మా, మిల్లు మూసేస్తాడు.”

ఉప్పిండి తిని పెరిగినదాన్ని, నాకెందుకు తట్టలేదో! ఇద్దరం చాటలు పట్టుకుని రాళ్ళు, పురుగులు చెరిగి, ఆటోలో షాదీపూర్ మిల్లుకు పట్టుకెళ్ళాం.

“బిర్యానీ మాత్రం క్యాన్సిల్ చెయ్యను” అంది దారిలో.

“చెయ్యకు. పొద్దుటి ఆకలికి ఇది, మధ్యాహ్నానికి అది.”

ఊరికే థాంక్స్ చెప్పే మనిషిని కాను. ఆ రోజు చెప్పాను. నా నుదుటి మీద చెయ్యి పెట్టి, “ఏటి మామ్మా, జ్వరమా?” అంది.

ఆదివారం పొద్దున్న ఆరింటికి పొయ్యి ముట్టించాం. పెసరపప్పు, అల్లం, కొబ్బరి వేసి ఉప్పిండి దింపాం. చర్చిలో రెండో గంట కొట్టేలోగా గిన్నె ఖాళీ. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు అడుగంటిన మాడే దక్కింది. ఆరాధనలో ప్రకటనల వేళ సెక్రటరీ లేచి, పిడికెడు బియ్యం ఎప్పటిలాగే నెల చివరి ఆదివారం తేవాలని, ఉప్పుడు బియ్యం మాత్రం విడిగా మూట కట్టాలని చదివి కూర్చుంది.