నాగమణి హాజరు

పదకొండేళ్లుగా ఇది మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నాకు ఏమీ కారు కాబట్టే ఈ ఉత్తరంలో మీకు చెప్పగలుగుతున్నాను. దయచేసి ఓదారుస్తూ జవాబు రాయకండి.

నేను బందరులో ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. వరసగా ఆరేళ్లు నా పదో తరగతిలో ఒక్కరూ తప్పలేదు. "మేడమ్ ఉంటే నూరు శాతమే" అనేవారు. ఆ మాట వినబడిన రోజు అన్నం సయించేది, వినబడని రోజు సయించేది కాదు. నువ్వెవరివని ఎవరైనా అడిగితే నా దగ్గర ఇంకో జవాబు ఉండేదా? లేదు.

ఏడో ఏడు నాగమణి వచ్చింది. గిలకలదిండిలో చేపలమ్మే రమణమ్మ కూతురు. నిదానంగా నేర్చుకునే పిల్ల. ప్రీఫైనల్లో లెక్కలకి వందకి పద్నాలుగు మార్కులొచ్చాయి. రెండు నెలలు పక్కన కూర్చోబెట్టుకుని చెబితే గట్టెక్కేదేమో. ఆ 'ఏమో' దగ్గరే నాకు భయం పట్టుకుంది.

హాజరు పట్టీ నా చేతిలోనే ఉండేది. ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూములో కూర్చుని, ఆ పిల్ల వచ్చిన రోజుల్ని రాని రోజులుగా దిద్దాను. హాజరు చాలదని పరీక్ష రాయనివ్వకుండా ఆపడానికి ఎన్ని కావాలో అన్ని. పైనుంచి ఒత్తిడి అంటారు చూడండి, ఆ మాట నా దగ్గర ఎత్తకండి. నన్నెవరూ బలవంతపెట్టలేదు.

హాజరు చాలదని కబురు పెడితే, మర్నాడు తల్లీకూతుళ్లు వచ్చారు.

"పిల్ల రోజూ వచ్చిందండీ టీచరుగారూ. జ్వరమొచ్చినా మానలేదండీ" అంది రమణమ్మ.

పట్టీ తెరిచి చూపించాను. ఆమెకు చదువు రాదు. నాగమణి ఒక తేదీ మీద వేలు పెట్టింది.

"ఈ రోజు నేను వచ్చాను టీచర్. బోర్డు మీద లెక్క నాచేతే చేయించారు."

రమణమ్మ దాని వీపు మీద ఒక్కటేసింది. "టీచరుగారు అబద్ధం రాస్తారేంటే? నోర్ముయ్!" అని, నా వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

ఆ దణ్ణం నేను తీసుకున్నాను.

ఆ ఏడూ నూరు శాతమే. శాలువా కప్పారు. మీ రహస్యం ఏంటండీ అని మైకులో అడిగితే, కష్టపడటమే అన్నాను. చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ల మీద కూడా నాకు ఇప్పటికీ కోపమే. తగ్గిన ఆ ఒక్క పిల్ల ఏమైందని ఒక్కరికీ అడగాలనిపించలేదా? అడగాల్సింది వాళ్లా, నేనా?

నాగమణి మళ్లీ బడి ముఖం చూడలేదు. రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరిందని విన్నాను.

పోయిన నెల గుడివాడ బస్సులో కనిపించింది. పక్కన నాలుగేళ్ల కూతురు. నన్ను చూడగానే లేచి సీటిచ్చింది.

"దీన్ని మాత్రం ఒక్కరోజు కూడా మాననివ్వనండీ టీచర్. నేను బడి ఎగ్గొట్టే కదండీ ఇలా అయ్యాను" అంది.

దెప్పుతోందేమోనని కళ్లలోకి చూశాను. కాదు. నిజంగానే అలా అనుకుంటోంది. ఇంట్లోవాళ్లూ వీధిలోవాళ్లూ అదే అంటూ ఉంటే, తనకు గుర్తున్నదాన్ని వదిలేసుకుని నేను రాసిందే నమ్మింది.

నోరు తెరిచాను. "బాగా చదువుకోమ్మా" అన్నాను, ఆ చిన్నపిల్లతో. నా స్టాపు రాకముందే దిగిపోయాను. ఇలాంటి మనిషికా శాలువా?

క్షమించమని అడగను. క్షమించడానికి మీరెవరు? ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నా ఊపిరి కాస్త ఆడుతోంది, అదీ సిగ్గే. అయినా ఒక్కచోటైనా నా చేతిరాతలో ఉండాలి. నాగమణి ఏ రోజూ బడి మానలేదు. మానినట్టు రాసింది నేను.