కర్ర ముందా, కడుపు ముందా

1974. చార్మినార్‌కు నాలుగు సందుల అవతల, గాజుల దుకాణాల వెనక ఖలీల్ భాయ్ ప్రెస్సు ఉండేది. కాలితో తొక్కే ట్రెడిల్ మెషిన్ ఒకటి, సీసపు అక్షరాల అరలు రెండు, మనుషులం ఇద్దరం. భాయ్ అక్షరాలు పేర్చి అచ్చు వేసేవాడు. నాది డిస్ట్రిబ్యూషన్. అంటే అచ్చు అయిపోయిన మాటలను విడదీసి, ఏ అక్షరాన్ని ఆ అక్షరం గడిలో తిరిగి వేసే పని.

నేను చదివింది తెలుగులో రెండో తరగతి. ఇంగ్లిష్ మాట ఒక్కటి కూడా చదవలేను. కానీ ఇరవై ఆరు అక్షరాలూ నా వేలికి తెలుసు. తొమ్మిదేళ్లలో ఒక్క అక్షరాన్ని పక్క గడిలో పడనివ్వలేదు. పడితే మరునాడు పెళ్లికార్డులో తప్పు వస్తుంది, కార్డులన్నీ చెత్తలోకి పోతాయి. వృథా అంటే నాకు ఒళ్లు మంట.

ఆ ఏడు దసరా ముందు, ధూల్‌పేటలో పాలు పోసే మల్లేశ్ తన వాడుకదారులకు ఇచ్చే పాల లెక్క కార్డులు అచ్చు వేయించుకోవడానికి వచ్చాడు. వెంట తొమ్మిదేళ్ల కూతురు రేణుక. బడి ఉన్న రోజు పిల్ల ఇక్కడేం చేస్తోందని అడిగాను.

"ఇంకేం బడి అక్కా. మూడేండ్ల సంది బీ రాయమంటే డీ రాస్తది, డీ అంటే బీ. టీచర్ కొట్టింది, నేను కొట్టిన. దసరా అయినంక పరీక్ష ఉన్నది. అండ్ల తప్పితే పేరు తీసేస్తరంట. తియ్యనీ. బర్ల కాడ పని నేర్చుకుంటది."

పిల్ల ఆ మాటలు విననట్టే ఉంది. బల్ల మీద అచ్చుకు సిద్ధంగా ఉన్న అక్షరాల వరసలను చూస్తోంది. మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా, గీడ అందరు ఉల్టా రాస్తరా?"

సీసంలో అక్షరం తిరగబడి ఉంటుంది, కాగితం మీద పడ్డాక సరి అవుతుంది. చిన్నబడి బీ డీలాగా, డీ బీలాగా కనిపిస్తుంది. పనిలో చేరిన కొత్తలో వాటిని చూసి నేనూ ఏడ్చాను. కన్ను మోసపోతుందని తెలిశాక దాన్ని నమ్మడం మానేసి, వేలితో తడిమి నేర్చుకున్నాను. ఈ పిల్లకు ఆ దారి ఎవరూ చూపలేదు.

"పరీక్షకు ఎన్ని దినాలున్నయి మల్లేశ్?"

"ఇరవై."

"ఆ ఇరవై దినాలు బడి ఇడిసినంక దీన్ని నా కాడికి తోలు. బర్లు యాడికి పోవు."

బీని, డీని విడివిడిగా చూపిస్తే రేణుక సరిగానే చెప్పింది. ఒకే మాటలో రెండూ వస్తే తడబడింది. కనుక రెండూ ఉన్న మాటలు కావాలి. భాయ్ దగ్గర డిక్షనరీ ఉంది గానీ, అందులో మాటలు మొదటి అక్షరం వరసలో ఉంటాయి. నడుమ ఏముందో, చివర ఏముందో అది చెప్పదు.

నా దగ్గర ప్రూఫులు ఉన్నాయి. తప్పులు దిద్దుకోవడానికి ముందుగా తీసే కాగితాలు అవి. పొయ్యి అంటించడానికి పనికొస్తాయని మేకుకు గుచ్చి దాచేదాన్ని. ఆ కట్ట విప్పి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు, రెండు అక్షరాలూ కనిపించిన ప్రతి మాట కిందా గీత గీశాను. భాయ్ వాటిని పైకి చదివాడు.

"బ్రైడ్... హస్బెండ్... ఏందమ్మా, పోరికి చదువు చెప్తున్నవా, షాదీ చేస్తున్నవా?"

"నీ కాడికొచ్చేవన్నీ పెళ్లికార్డులాయె. ఊకె నవ్వకు భాయ్, చదువు."

బేకరీ లేబుళ్లలో బ్రెడ్ దొరికింది. బీడీకట్టల కాగితాల్లో బ్రాండ్, దుకాణాల చిరునామాల్లో బిహైండ్ దొరికాయి. ఒక పొడుగు మాట దాదాపు ప్రతి కాగితం అడుగునా ఉంది. రెండు డీలు, వాటి నడుమ ఒక బీ. భాయ్ చదివిన వాటిలో అది లేదు. కష్టమైన మాటలా ఉందని నేనే తరువాత కలిపి, అన్నిటికన్నా చివర పెట్టాను.

పెళ్లికార్డులు కోయగా మిగిలిన దళసరి ముక్కలు తీసి, పేర్లకు వాడే పెద్ద సైజు చిన్నబడి అక్షరాలతో ఆ మాటలను ఇంకు లేకుండా గట్టిగా ఒత్తించాను. కంటికి తెల్ల అట్ట తప్ప ఏమీ కనిపించదు. వేలు పెడితే పల్లం తగులుతుంది.

"కండ్లు మూసుకో. ఎడమ దిక్కు నుంచి వేలు జరుపు. కర్ర ముందు తగిలితే బీ, కడుపు ముందు తగిలితే డీ. కండ్లు తెరిస్తే చెవి మెలేస్త."

మొదటి వారం రెండుసార్లు మెలేశాను కూడా. రెండో వారానికి వేలు తడబడడం తగ్గింది. మూడో వారంలో నేను అడగకముందే చెప్పసాగింది.

పరీక్ష రేపనగా మల్లేశ్ తన కార్డులు తీసుకుపోవడానికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. రేణుక చేతిలో చివరి అట్ట ఉంది. నేను పక్కనే అక్షరాలు విడదీస్తున్నాను. ఆమె వేలు మూడుచోట్ల ఆగింది.

"కడుపు ముందు... కర్ర ముందు... మళ్ల కడుపు ముందు." పెదవులు కదిలాయి. "హై... ద... రా... బాద్. పెద్దమ్మా, మన హైదరాబాద్."

నా చేయి గడి మీదే ఆగిపోయింది. తొమ్మిదేళ్లుగా దాదాపు రోజూ ఆ మాటను విప్పి, అక్షరం అక్షరం గడుల్లో పారేశాను. అది నేను పుట్టిన ఊరు పేరు. నా వేళ్ల నడుమ ఉన్నదేమిటో, కళ్లు మూసుకున్న పిల్ల చెబితే గానీ నాకు తెలియలేదు.

"నీకు ఎరకలేదా అమ్మా?" అన్నాడు భాయ్.

"నువ్వెప్పుడు చెప్పినవ్ భాయ్? నేనెప్పుడు అడిగిన?"

మల్లేశ్ లోపలికి వచ్చి, కూతురి చేతిలోని అట్ట తీసుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని, పాలు పిండి మొద్దుబారిన వేలిని దాని మీద ఉంచాడు.

"ఏది బిడ్డా, కర్ర యాడున్నది?"

పిల్ల ఆ వేలు పట్టుకుని, ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిపింది. ఆ పొద్దు అతని నోట బర్ల మాట రాలేదు.

రేణుక పరీక్షలో గట్టెక్కింది. అత్తెసరు మార్కులే, కానీ బడిలో పేరు నిలిచింది. నాకు నేర్పినందుకు ఆమెకు మార్కులెవరూ వేయలేదు. ఆనాటి నుంచి ఏ మాటనైనా అదేమిటో భాయ్‌ని అడిగి తెలుసుకున్నాకే విడదీశాను. పని కొంత ఆలస్యమయ్యేది. ఆ ఆలస్యాన్ని మాత్రం వృథా అనుకోలేదు.