హెచ్‌డీకి సర్వం సిద్ధం

ఢిల్లీ టైలర్ల మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. ప్యాంటు కుట్టమని ఇచ్చి, వారం ఆగి వెళితే "రెడీ హై, సాబ్" అంటారు. చేయి చాస్తే మనం ఇచ్చిన గుడ్డనే మడత విప్పకుండా చూపిస్తారు. గుడ్డ రెడీ, కత్తెర రెడీ, ఆయనా రెడీ. కుట్టడం ఒక్కటే బాకీ. అలాంటి ఊరి పక్కన ఆరేళ్ళు కాపురం చేసినవాడు "రెడీ" అన్న మాటను నమ్మకూడదు. నేను నమ్మాను. ముగ్గురి ఎదుట, పట్టపగలు, ముప్పై రెండు అంగుళాల మేర నమ్మాను. ఆ విధ్వంసం ఎలా జరిగిందో చెబుతాను, వినండి.

పల్చటి టీవీలు అప్పుడప్పుడే మధ్యతరగతి ఇళ్ళలోకి తొంగిచూస్తున్న రోజులవి. మేము ఢిల్లీ పక్కనే ఫరీదాబాద్‌లో ఉండేవాళ్ళం. నాకు కార్ల పందేలంటే ప్రాణం. సైకిలు తప్ప మరే వాహనమూ నడపడం రాదన్నది వేరే సంగతి. మా పాత టీవీలో కార్లు చీమల్లా కనిపించేవి. ఎర్రచీమ గెలిస్తే చప్పట్లు కొట్టేవాణ్ణి.

నా భార్య సుగుణకు వాషింగ్ మెషీన్ కావాలి. డిసెంబరులో మా కుళాయి నీళ్ళలో బట్టలు పిండిన చేతులకు ఆ కోరిక అన్యాయమని ఎవరూ అనరు. ఆ అక్టోబరులో మెషీన్ కొనడానికే ఇద్దరం షాపుకు వెళ్ళాం. లోపల మెషీన్ల వైపు వెళ్ళే దారిలో టీవీల వరుస తగిలింది. ఒక తెర మీద పందెం కారు మలుపు తిరుగుతోంది. టైరు మీది గీతలు, హెల్మెట్ మీద దుమ్ము, అన్నీ లెక్కపెట్టొచ్చు. టీవీ మూలన మెరిసే స్టిక్కరు: "హెచ్‌డీ రెడీ".

"ఇదేనా హెచ్‌డీ?" అన్నాను, గుడిలో మాట్లాడే గొంతుతో.

"హెచ్‌డీ రెడీ హై, సర్," అన్నాడు సేల్స్‌మన్. పాపం, అతను అబద్ధం చెప్పలేదు. బొమ్మ వస్తున్నది షాపువాళ్ళ డిస్క్‌లోంచి అని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

సుగుణ ఒక షరతు పెట్టింది. "ఆదివారం పందెంలో డ్రైవరు హెల్మెట్ మీది నంబరు నాకు కనిపించాలి. కనిపిస్తే టీవీ ఉంచుకోండి. లేకపోతే సోమవారం ఇది ఇచ్చేసి మెషీన్ తెస్తారు."

అట్టపెట్టెతో సహా తెస్తే వారంలోగా మార్చి ఇస్తామని షాపువాళ్ళు ఒప్పుకున్నారు. "ఆ పెట్టె జాగ్రత్త" అని సుగుణ మూడుసార్లు చెప్పింది. యుద్ధానికి బయలుదేరినవాడు వెనక్కి వచ్చే దారి చూసుకుంటాడా? శనివారం పొద్దున్నే పెట్టెను పాత సామాన్లు కొనే కబాడీవాలాకు ఇచ్చేశాను.

ఆదివారం ప్రేక్షకులుగా మా సెక్షన్ ఆఫీసరు శాస్త్రిగారిని, కింది వాటాలో ఉండే చడ్డా అంకుల్‌నీ పిలిచాను. సుగుణ పకోడీలు వేసింది. నేను రిమోట్‌ను హారతిపళ్ళెంలా తిప్పి నొక్కాను.

బొమ్మ వచ్చింది. కేబుల్‌వాడి బొమ్మ. దాన్ని మా కొత్త టీవీ రెండు చెవులూ పట్టుకుని అడ్డంగా సాగదీసింది. ఎలుకను పట్టుకొచ్చి కొండంత చేసి చూపించింది.

"యే కార్ హై యా ట్రక్?" అన్నారు చడ్డా అంకుల్.

"కారే, అంకుల్. వేగంలో అలా కనిపిస్తుంది."

శాస్త్రిగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఏమోయ్, వానా అది?"

"కాదు సార్, చుక్కలు."

"ట్రాక్ మీదా?"

"తెర మీద సార్."

పక్కగా సుగుణ ప్రశాంతంగా అడిగింది. "ఏవండీ, నంబరు ఎక్కడ?"

"వస్తుంది, వస్తుంది. సెట్టింగు మార్చాలి." జూమ్ నొక్కాను. డ్రైవర్ల తలకాయలు తెర దాటిపోయాయి. ఇంకోటి నొక్కాను. అందరికీ పచ్చకామెర్లు వచ్చినట్టయింది. "అదిగో! ఏడు! కనిపించిందా?" అన్నాను.

"అది కారు కాదండీ. సబ్బు ప్రకటన."

ఇక కేబుల్‌వాడికి ఫోన్ చేసి, ఎందుకు రావట్లేదని నిలదీశాను. "భయ్యా, హెచ్‌డీ క్యోఁ నహీఁ ఆ రహా?"

"కౌన్ సా చానల్ హై యే, సర్జీ?"

"చానల్ కాదయ్యా! సాఫ్ తస్వీర్!"

"సాఫ్ తో ఆ రహీ హై. చడ్డాజీ కే ఘర్ దేఖ్ లో." బొమ్మ శుభ్రంగానే వస్తోందట, కావాలంటే చడ్డాగారింట్లో చూసుకోవాలట.

చడ్డా అంకుల్ ఆనందంగా లేచారు. "చలో, హమారే యహాఁ దేఖతే హైఁ!" పకోడీలతో సహా అందరూ కిందికి దిగారు. ఆయన పాత డబ్బా టీవీలో, చిన్నగానే అయినా, కార్లు కార్లలాగే ఉన్నాయి. సుగుణ ఒక్క చూపులో నంబరు చదివేసింది.

పైకి వచ్చాక శాస్త్రిగారు మా టీవీ కాగితాలు తెప్పించుకుని, ఆఫీసు ఫైలు చదివినట్టు ఆమూలాగ్రం చదివారు.

"ఏమోయ్, రెడీ అంటే వస్తే చూపించడానికి సిద్ధమని. వచ్చిందని కాదు. మన దేశంలో హెచ్‌డీ చానల్ ఇంకా పుట్టనే లేదు. రోజూ నువ్వే రాస్తావు కదా, 'మంజూరుకు సిద్ధం' అని? రాసినంత మాత్రాన మంజూరైనట్టా?"

చానలూ లేదు, దాన్ని పట్టే సెట్‌టాప్ బాక్సూ లేదు, టీవీ పేరు మాత్రం హెచ్‌డీ! పదకొండేళ్ళు గుమాస్తాగిరీ చేసి, ఆ ఒక్క మాట దగ్గర బోర్లా పడ్డాను.

"పోనీలెండి," అంది సుగుణ. "రేపు మార్చేద్దాం. పెట్టె తీయండి."

పెట్టె శనివారమే కబాడీవాలాతో వెళ్ళిపోయిందన్న సంగతి మాత్రం చాలా స్పష్టంగా చెప్పాల్సి వచ్చింది.

ఆవిడ అరవలేదు. పకోడీల పళ్ళెం కడగడానికి వెళ్ళింది. వెనకే వెళితే, చలి రాకముందే సబ్బునీళ్ళకు పగిలిన వేళ్ళు కనిపించాయి. హెల్మెట్ మీద దుమ్ము చూడాలని తపించినవాణ్ణి, జానెడు దూరంలో ఉన్నవి అన్నాళ్ళూ చూడలేదు. మెషీన్ వచ్చేదాకా బట్టలు ఉతికే బాధ్యత నాదేనని అక్కడికక్కడే ప్రకటించాను. ఆవిడ వద్దనలేదు. ఒక్కసారైనా మొహమాటానికి అనొచ్చు కదా అని ఎదురుచూశాను.

మెషీన్ మరుసటి ఏడు హోలీ దాటాక వచ్చింది. దేశంలోకి హెచ్‌డీ ఇంకా తర్వాత వచ్చింది. అప్పటికి ఆ టీవీ ఎదురుచూసి ఎదురుచూసి, సిద్ధంగా ఉంటూనే కన్నుమూసింది.

టీవీ కొన్న ఆ చలికాలం తొలి ఆదివారం బాత్రూములో బకెట్ ముందు పీట వేసుకుని, చేతిలో తడిచొక్కాతో, గుమ్మంలో నిలబడ్డ సుగుణ సాక్షిగా ప్రమాణం చేశాను. "సర్ఫు నురగ సాక్షిగా చెబుతున్నాను. ఈ జన్మలో 'రెడీ' అని రాసి ఉన్న ఏ వస్తువునూ నమ్మను. ఏ అట్టపెట్టెనూ ఇల్లు దాటనివ్వను. కనిపించని నంబరును కనిపించిందని అనను."

సుగుణ అంతా ఓపిగ్గా వింది.

"కాలరు మురికి నాకు ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది."