ఎండు చేపలతో వెళ్లి కాఫీ గింజలతో వచ్చాం

పోర్టు పక్క మల్కాపురంలో పుట్టి పెరిగినవాణ్ణి. కాఫీ అంటే చిక్కటి పాలు, నిండా చక్కెర అనే అనుకునేవాణ్ణి. ద్వారకా నగర్‌లో ఒక చిన్న కాఫీ దుకాణం ఆ లెక్క తిరగేసింది. పాలూ చక్కెరా లేని కప్పు ఇచ్చారు. తాగాక కమలాపండు తిన్నట్టుంది. ఎక్కడిదని అడిగితే, అరకు పైన లచ్చన్న అనే రైతు తోటదని యజమాని చెప్పాడు. "వెళ్తే ఈ ఏడాది గింజలు అరకిలో తెండి. పోయినేటి రుచే ఉంటే పంటంతా నేనే కొంటాను," అన్నాడు. లేకపోతే లచ్చన్న అందరి గింజలతో కలిపి అయినకాడికి అమ్ముకోవాల్సిందే.

జనవరి ఆదివారం, తెల్లవారుతూనే కాంప్లెక్స్ బస్టాండులో అరకు బస్సెక్కాం. తోడు వచ్చిన మా బావ పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఎక్కగానే ఒక పొట్లం నా సంచిలో కుక్కాడు.

"ఏటి బావా ఇది?"

"ఎండుసేపలు. ఒట్టి సేతుల్తో ఎల్తామేటి?"

టికెట్ రెండు వందలకు అటూ ఇటూ, ప్రయాణం నాలుగు గంటలు. ఘాట్ రోడ్డు ఎక్కేసరికి బస్సులో అందరూ ముక్కులు మూసుకుని మావైపే చూస్తున్నారు. బావ మాత్రం హాయిగా నిద్రపోయాడు. అరకులో రానూపోనూ ఆటో మాట్లాడుకున్నాం. చివరి కిలోమీటరు నడకే.

సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. ఇంటి ముందు వల పరిచిన మంచెల మీద ఎర్రటి కాఫీ పళ్లు ఎండుతున్నాయి. లచ్చన్న భార్య దాలమ్మ చేపల పొట్లం చూసి మురిసిపోయింది. మధ్యాహ్నం వాటి వేపుడుతోనే అన్నం పెట్టింది. బయల్దేరేటప్పుడు లచ్చన్న గింజల మూట తెచ్చి నా సంచిలో పెట్టబోతుంటే దాలమ్మ చటుక్కున లాక్కుంది.

"అందులోనా? కాఫీకి నీసు పట్టేత్తాది. ఏడాది కష్టం మట్టిలో పోసినట్టే."

ఆయన నాలుక కరుచుకున్నాడు. దాలమ్మ పొలానికి అంబలి పట్టుకెళ్లే స్టీలు క్యాను తోమి, ఎండలో ఆరబెట్టి, గింజలు పోసి మూత బిగించింది.

తిరుగు బస్సులో డ్రైవరు అద్దం దగ్గర అగరొత్తులు వెలిగించాడు. ఆ వాసన కూడా తగలకూడదని వెనక సీట్లోకి పోయి, క్యాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నిజంగానే భయమేసింది.

"పాలేటండీ?" అన్నాడు కండక్టరు.

"ఏడాది పంటండీ," అన్నాడు బావ.

మర్నాడు సాయంత్రం దుకాణం యజమాని ఆ గింజలు వేయించి, కాఫీ కాచి, ముందు వాసన చూశాడు. ఒక గుక్క తాగాడు, ఇంకో గుక్క తాగాడు. వెంటనే లచ్చన్నకు ఫోన్ కలిపాడు. "పంటంతా నాకే. ఇంకెవరికీ మాటివ్వకు." అవతల లచ్చన్న దాలమ్మను కేకేయడం మాకూ వినపడింది.

ఇన్నేళ్లలో అరకు ఎన్నిసార్లు వెళ్లానో. ఫొటోలు తప్ప వెనక్కి ఏదీ జాగ్రత్తగా తేలేదు. ఈసారి ఒకరి ఆశ ఒళ్లో పెట్టుకుని ఘాట్ దిగాను, మనసు నిండింది. మీరూ తోటల నుంచి గింజలు కొనాలనుకుంటే డిసెంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. మూత బిగుతుగా పట్టే స్టీలు క్యాను వెంట ఉంచుకోండి. దాలమ్మ క్యాను ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆ రోజు ఫోన్ పెట్టేసేముందు ఆవిడ అందుకుని, నాకిమ్మని యజమానిని అడిగి, నాతో ఒక్కటే మాట చెప్పింది.

"బాబూ, మళ్లీ వచ్చినప్పుడు ఎండుసేపలు ఆ క్యానులోనే తెండి. కాఫీ అమ్ముడైపోనాది గదా, ఇంక బయం లేదు."