నీలం నిలిచిన రోజులు

ఈ ఉదయం స్పిరిటు దీపం వెలిగించి, మైలుతుత్తం కలిపిన నీలి నీళ్లు గాజు గొట్టంలో వేడి చేస్తున్నాను. ఎదురుగా బెంచీ మీద ఒక పెద్దమనిషి తన రోగమేమిటో ఆ గొట్టమే చెబుతుందన్నట్టు కళ్లార్పకుండా చూస్తున్నాడు. నిజానికి చెప్పేది అదే. ఆయన తెచ్చిన మూత్రం నాలుగు చుక్కలు వేశాను. నీలం మొదట ఆకుపచ్చగా మారింది, తర్వాత పసుపు తిరిగింది, చివరికి అడుగున ఇటుక పొడిలా ఎర్రగా దిగింది, అంటే మూత్రంలో తీపి ఉంది. వేడెక్కిన స్పిరిటు వాసన ముక్కుకి తగిలేసరికి నేను రాజమండ్రిలో లేను. నరసాపురంలో, గోదావరి గట్టుకి నాలుగడుగుల దూరంలో ఉన్న మిషను ఆస్పత్రిలో, రూతమ్మగారి పక్కన నిలబడి ఉన్నాను. గొట్టం మూతి నీవైపు పెట్టుకోకు ఎస్తేరమ్మా, పొంగితే మొహం కాలుతుంది అంటున్నారావిడ.

రూతమ్మగారు మన తెలుగావిడే. మద్రాసు వెళ్లి వైద్యం చదువుకుని వచ్చారు. గోదావరి మీద రైలు వంతెన ఇంకా కట్టని రోజులవి. ఆడది గొట్టం పెట్టి గుండె చప్పుడు వింటుందంటే, రోగం లేనివాళ్లు కూడా చూసిపోదామని వచ్చేవారు. మనిషి పొట్టి, మాట గట్టి. నడుస్తూనే తినేవారు, తింటూనే రాసేవారు. ఆవిడ బల్ల మీద రెండు సిరాబుడ్లు ఉండేవి, ఒకటి నలుపు, ఒకటి ఎరుపు. కంటితో చూసింది నల్లసిరాతో రాయాలి, మనసులో అనుకున్నది ఎర్రసిరాతో రాయాలి. ఇదీ ఆవిడ పద్ధతి. నేను నర్సుగా చేరిన మొదటి వారంలో ఒక రోగి పేరు పక్కన 'జ్వరం తగ్గుముఖం' అని నల్లసిరాతో రాశాను. ఆవిడ పుస్తకం నా ముందుకు తోసి, తగ్గడం చూశావా, తగ్గుతుందనుకున్నావా అని అడిగారు. లేసు అల్లే మా అమ్మ దగ్గర పెరిగినదాన్ని, ఒక్క ముడి తప్పితే వరసంతా విప్పించే చేతులు నాకు కొత్త కాదు. అయినా ఆ రోజు నాకు ఒళ్లు మండింది.

నేను చేరిన ఏడాదే పడవవాడి భార్య ఒకావిడని తీసుకొచ్చారు. రోహిణీ కార్తె ఎండలో గొంగళి కప్పుకుని వణుకుతోంది. మొహం ఉబ్బిపోయి, జుట్టు రాలిపోయి, ఒక మాట అడిగితే జవాబు వచ్చేలోపు నేను రెండు పనులు చక్కబెట్టేదాన్ని. గొంతు దగ్గరుండే చిన్న గ్రంథి ఎండిపోయిన మనుషులు ఇలా అవుతారని, గొర్రె మెడలోని అదే గ్రంథిని పెడితే కోలుకుంటున్నారని రూతమ్మగారు ఏదో వైద్య పత్రికలో చదివారు. ఇక రోజూ తెల్లవారగానే మాంసం కొట్టు ముందు నిలబడి, ఎవరూ తినని ముక్కలు ఏరుకోవడం మా పని. వాటిని ఎండబెట్టి, నూరి, పొడి చేసి చిటికెడు చిటికెడు పెట్టాం. రెండు నెలలు తిరగకుండా ఆ మనిషి గొంగళి అవతల పారేసింది. ఆ తర్వాత సంతలో చేపలమ్ముతూ ఆవిడ వేసే కేకలు ఆస్పత్రి దాకా వినిపించేవి. ఆ కేకలు వినపడినప్పుడల్లా రూతమ్మగారు రాస్తున్న కలం ఆపి నవ్వుకునేవారు.

ఆ సంగతి పాలకొల్లు దాకా పాకింది. ఉబ్బిన మనిషి చిక్కిందట అన్నమాట మాత్రమే అక్కడికి చేరినట్టుంది. ఒక భారీ షావుకారుగారు కాలవ పడవ మీద వచ్చి, ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుంటే దిగారు. శుద్ధ శాకాహారి. ఆ పొడి తనకీ ఇప్పించమని, అందులో ఏముందో మాత్రం చెప్పవద్దని, తెలియకుండా మింగితే దోషం అంటదని బతిమాలారు. రూతమ్మగారు ఆయన చెవులు మూసుకునేలోపే గొర్రె మెడ సంగతి చెప్పేశారు. ఆపైన, ఆ పొడి గ్రంథి ఎండినవాళ్లకి ఇస్తే మందని, బాగున్నవాళ్లకి ఇస్తే కొవ్వు కరిగేలోపు గుండె అదిరిపోతుందని, పడవ మానేసి కాలవగట్టు వెంట నడిచి వెళ్లమని కూడా చెప్పారు. ఆయన మహా కోపంగా పడవే ఎక్కారు. అంత పెద్దమనిషిని అలా పంపేశారేమండీ అని అడిగాను.

"మింగేది ఆయన, ఇచ్చేది నేను. లోపల ఏముందో ఇద్దరికీ తెలియొద్దూ?" అన్నారావిడ.

ఆ మాట నా మీదకే తిరిగి వస్తుందని అప్పుడు తెలియదు.

మా నాన్నగారు శామ్యూలు మాస్టారు మిషను బడిలో లెక్కలు చెప్పేవారు. ఆ చలికాలంలో ఆయనకి దాహం పట్టుకుంది. కూజా ఖాళీ చేసినా నాలుక తడారిపోయేది. చొక్కా భుజాల మీంచి జారేది. పెరట్లో ఆయన ఒంటికి వెళ్లిన చోట చీమలు బారు కడుతున్నాయని అమ్మ చెప్పగానే నాకు రోగం పేరు తెలిసిపోయింది. మధుమేహం వచ్చిన మనిషి కరిగి కరిగి పోవడమే తప్ప తిరిగి లేవడం నేను చూడలేదు. గొట్టంలో ఇటుక రంగు దిగినప్పుడు రూతమ్మగారు నా వైపు చూడలేదు, అలమారలోంచి ఒక పాత పత్రిక తీశారు. దేశాంతరంలో ఎవరో కుక్క కడుపులోంచి క్లోమమనే గ్రంథిని తీసేస్తే దాని మూత్రంలో తీపి వచ్చిందట. గొంతు గ్రంథి పడవవాడి భార్యని లేపినట్టు క్లోమం మీ నాన్నగారిని ఎందుకు లేపకూడదు అన్నారు. ఆ మాట ఎర్రసిరాతో రాసుకున్నారు కూడా.

మళ్లీ మాంసం కొట్టు. ఈసారి పొట్ట వెనక దాగుండే మెత్తని ముక్క. ఉడికిస్తే గుణం పోతుందని పచ్చిగానే తరిగి, ఉప్పూ నిమ్మరసం కలిపి ఇచ్చేవాళ్లం. పాపం నాన్నగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని మింగేవారు. నేను ఆస్పత్రి ఆవరణలోనే ఉండేదాన్ని కనుక అమ్మ మిషను వాళ్లకి లేసు ఇవ్వడానికి వస్తూ రోజూ పొద్దున్నే నాన్నగారి మూత్రం సీసా తెచ్చేది. మొదటి వారం ఇటుక రంగే. రెండో వారం ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాలు మొదలయ్యాయి. ఆ వారం చివర రంగు ఆకుపచ్చ దగ్గర ఆగింది. మరో నాలుగు రోజులకి నీలం నీలంగానే నిలిచింది. రూతమ్మగారు ఆ గొట్టాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎండకేసి పట్టుకున్నారు. ఆ రోజుల్లో నాన్నగారు తలకి నూనె రాసుకుని, మొహం కడుక్కుని, చక్కగా దువ్వుకుని వచ్చేవారు. చూడు, మొహంలో కళ వచ్చింది అని ఆవిడ మురిసిపోయారు. మద్రాసు వైద్య పత్రికకి ఈ మందు గురించి ఉత్తరం రాయడం మొదలుపెట్టారు.

నాన్నగారు మరిచిపోయిన కళ్లజోడు ఇద్దామని ఒక మధ్యాహ్నం బడికి వెళ్లాను. పిల్లలంతా అన్నాలకి పోయారు. నాన్నగారు ఖాళీ గదిలో ఒక్కరే కూర్చున్నారు. అమ్మ కట్టిన అన్నం గిన్నె బయట అరుగు మీద, రేవు దగ్గర అడుక్కునే ముసలమ్మ ముందుంది. నాకు విషయం అర్థమైంది. ఉపవాసమున్నవాడు తలంటుకుని, మొహం కడుక్కుని, పదిమందికీ తెలియకుండా ఉండాలని పాస్టరుగారు ఆదివారం ప్రసంగంలో చెప్పారు. మేమంతా విన్నాం, మా నాన్నగారు పాటించారు. ఈస్టరు దాకా అన్నం ముట్టనని మొక్కుకున్నారట. సాయంత్రం కాస్త ఆకుకూర, మజ్జిగ, అంతే. అమ్మకి తెలుసు, అనుమానం రాకుండా గిన్నె కట్టివ్వమని, ఎవరికీ చెప్పవద్దని ఆవిడ చేత కూడా మాట తీసుకున్నారు.

"నువ్వు అడిగావు కాబట్టి చెప్పానమ్మా. చాటితే అది ఉపవాసం కాదు" అన్నారాయన.

నేను నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాన్నగారి కోసం దాచానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ నీలం క్లోమం వల్లే వచ్చిందని నమ్మాలని నా ఆశ. మందు ఉంటే నాన్నగారు ఉంటారు, ఉపవాసం ఈస్టరుతో అయిపోతుంది. అందుకే రోజూ గొట్టం వేడి చేసి, 'నీలం' అని నల్లసిరాతో రాస్తూ వచ్చాను. రాసిన మాటలో తప్పు లేదు. రాయని మాటే నన్ను కొరుక్కు తినేసింది.

అయిదో రోజు పొద్దున్న రూతమ్మగారు ఉత్తరం కవరులో పెట్టి, మధ్యాహ్నం పడవకి పంపమని నా చేతికిచ్చారు. ఇది చదివి ఎన్ని ఊళ్లలో ఎంతమంది డాక్టర్లు రేపట్నుంచి మాంసం కొట్ల ముందు నిలబడతారో అని నవ్వారు. నేను కవరు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లాను. పాలకొల్లు షావుకారుగారు చెవులు మూసుకోబోవడం గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి కవరు బల్ల మీద పెట్టి, అంతా చెప్పేశాను.

ఆవిడ తిడితే బాగుండును అనిపించింది. ఆవిడ కవరు చించి, ఉత్తరం తీసి, మొదటి పేజీ మీద వేలు పెట్టారు.

"నువ్వు నాలుగు రోజులు దాచావు. నేను మూడు వారాల్లో ఒక్కసారైనా 'ఏం తిన్నారు మాస్టారూ' అని అడగలేదు. అడగకుండానే ఇదంతా నల్లసిరాతో రాశాను. ఎవరి తప్పు పెద్దదంటావు ఎస్తేరమ్మా?"

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చారు. మందు ఆపకుండా మూడు రోజులు మామూలుగా అన్నం తినమని నాన్నగారిని అడిగారు. మొక్కుకున్న మనిషి, ఒప్పుకోలేదు. దేవుడికిచ్చిన మాటండీ అన్నారు.

"మీ ఉపవాసం మీకూ దేవుడికీ మధ్యనే ఉందనుకున్నారు మాస్టారూ. మధ్యలో నా ఉత్తరం ఉంది. అది నమ్మి ఎవరో డాక్టరు తన రోగికి ఈ ముక్కలు పెట్టి, కడుపునిండా అన్నం తినమంటాడు. ఆ మనిషి పోతాడండీ."

నాన్నగారు అమ్మ వైపు తిరిగి, కంచం పెట్టు అన్నారు. ఆయన అంత కష్టంగా అన్నం తినడం నేనెన్నడూ చూడలేదు. మూడో రోజు పొద్దున్న గొట్టం నేనే వేడి చేశాను. ఆకుపచ్చ, పసుపు, ఇటుక రంగు. బల్లకి ఆనుకుని ఏడ్చాను. రూతమ్మగారు నన్ను ఏడవనిచ్చి, కొత్త కాగితం తీసుకున్నారు. పచ్చి క్లోమం తినిపిస్తే గుణం కనిపించలేదు, అన్నం మానేస్తే తీపి తగ్గింది అని రెండే మాటలు రాసి, ఆ మధ్యాహ్నం పడవకే పంపారు. అచ్చు వేశారో లేదో మాకు తెలియలేదు.

మందు పోయింది గానీ నాన్నగారు అప్పుడే పోలేదు. ఏ పూట ఎంత అన్నం తింటే ఏ రంగు వస్తుందో పుస్తకంలో చూసి రూతమ్మగారు ఒక చీటీ రాసిచ్చారు. లెక్కల మాస్టారు కదా, మెతుకు తప్పకుండా పాటించారు. పోతారనుకున్న మనిషి మా చెల్లెలి పెళ్లి చేసి, ఇద్దరు మనవల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుని మరీ వెళ్లారు. రూతమ్మగారు నన్ను రాజమండ్రి ఆస్పత్రికి పంపించిన రెండేళ్లకి విషజ్వరంతో పోయారు. చివరిసారి కలిసినప్పుడు కూడా ఆవిడకి నిరాశ లేదు. గొర్రె క్లోమంలో ఆ గుణం ఉండి తీరాలి, మనం నోటి ద్వారా పెడితే పొట్టలో పాడైపోతోందేమో, ఇంకో దారి ఎవరో కనిపెడతారు అన్నారు. అది ఎర్రసిరా మాటేనని ఆవిడే గుర్తు చేశారు.

బెంచీ మీది పెద్దమనిషి మందు ఉందా అమ్మా అని అడుగుతున్నాడు. ఇంకా లేదండి, వస్తుంది అన్నాను. నిన్న పొద్దుట్నుంచి ఏమేం తిన్నారో దాచకుండా చెప్పండి అని పుస్తకం ముందుకు లాక్కున్నాను. మధుమేహం వచ్చిన ఎవరినైనా నేను మొదట అడిగేది ఇదే, ఉపవాసాలతో సహా. ఆయన చెప్పిందంతా నల్లసిరాతో రాశాను. తర్వాత కలం మార్చి, ప్రతి పేజీలో రాసినట్టే అడుగున ఎర్రసిరాతో 'మందు వస్తుంది' అని రాశాను. ఆ మాటని నల్లసిరాతో రాసే భాగ్యం ఎవరికి దక్కుతుందో నాకు తెలియదు. దక్కడం మాత్రం ఖాయం.