పుప్పాలగూడ పుస్తకాల పట్టిక

ఆదివారం పగలు పదకొండు గంటలకు పుప్పాలగూడ గ్రంథాలయానికి పుస్తకాల పట్టిక తయారైంది. అంతకుముందు కొన్నేళ్లుగా అది కాగితం మీద లేదు, గ్రంథాలయం నడిపే నర్సయ్య తలలో మాత్రమే ఉంది. పక్క ఊరు గచ్చిబౌలిలో కొత్తగా పఠనాలయం పెట్టారు. గది ఉంది, చదివేవాళ్లున్నారు, పుస్తకాలు లేవు. నెలకు పాతిక పుస్తకాలు అరువడగడానికి దాన్ని చూసుకునే దర్జీ యాదగిరి వెళ్తున్నాడని తెలిసి, పత్రికకు రాద్దామని నేనూ బయలుదేరాను. ఇదివరకు రెండుసార్లు అడిగితే నర్సయ్య కాదన్నాడు. ఈసారీ కాదంటే గది మూసేస్తామని గచ్చిబౌలివాళ్లు తేల్చేశారు.

నాంపల్లిలో ఆరు గంటలకు బస్సెక్కాను. గోల్కొండ దాకా మూడణాలు, నిజాం నాణెం హాలీ సిక్కాలో. కోట దగ్గర యాదగిరి ఎడ్లబండితో ఉన్నాడు. అక్కణ్ణుంచి గంటన్నర ప్రయాణం. ఇళ్లు తక్కువ. దారి పొడవునా ఒకదాని మీద ఒకటి నిలిచిన బండరాళ్లు.

"ఆ బండల సందులనే దాచిండు సార్, పుస్తకాలన్ని," అని యాదగిరి చూపించాడు.

నిజాం పోలీసుల సోదాల రోజుల్లో నర్సయ్య పుస్తకాలను గోనెసంచుల్లో కట్టి, ఒక్కడే మోసి అక్కడ పెట్టాడు. పట్టిక దొరికితే పుస్తకాల సంగతి బయటపడుతుందని దాన్ని పొయ్యిలో వేశాడు. పోలీసు చర్య తర్వాత సంచులు తిరిగి వచ్చాయి. పట్టిక మాత్రం మళ్లీ రాయలేదు.

పుప్పాలగూడ చేరగానే నర్సయ్య మొదట మా ఇద్దరి చేతులూ కడిగించాడు. ఆ తర్వాతే అరుగు మీదికి రానిచ్చాడు. గ్రంథాలయం ఆయన ఇంట్లోనే.

"మల్ల వచ్చినవా? మీ ఊర్ల పుస్తకాలు చదువుతరా, కొలతలు తీస్తరా?" అన్నాడు యాదగిరితో.

"చదువుతరు మామా. పట్టీ రాసియ్యి. ఏది పోయినా నన్నడుగు."

"పట్టీ ఎందుకు? నేనున్న గద."

లోపల జొన్నరొట్టెలు చేస్తున్న ఆయన భార్య రాజమ్మ అందుకుంది. "నిరుడు జరమొచ్చి మూడు దినాలు పుస్తకాల పేర్లే కలవరించినవు. నాకు సదువు రాదాయె. నీకేమన్నయితే ఊరోళ్లకు నేనేం జెప్పాలె?"

నర్సయ్య అట్ట వేస్తున్న పుస్తకాన్ని పక్కన పెట్టాడు.

"రాస్కో," అన్నాడు యాదగిరితో.

తొమ్మిదికి మొదలుపెట్టాడు. బీరువాకు వీపు ఆనించి కూర్చుని వరుస నంబరు, పేరు, రాసినవారు, చిరిగిన ఆకులు చెప్పుకుంటూ పోయాడు. మధ్యమధ్య ఆయన్ని లేపి, బీరువా తెరిచి, ఎనిమిది పుస్తకాలు సరిచూశాను. ఎనిమిదీ సరిపోయాయి. ఎనభై మూడో దాంట్లో రెండాకులు లేవన్నాడు. లెక్కపెట్టాను, రెండే. ఇరవై ఏళ్లుగా విలేకరి పని చేస్తున్నాను. కలం చేతిలో పెట్టుకుని రాయడం మరచిపోయింది ఆ పూటే.

నూట ముప్పై ఏడు దగ్గర ఆగాడు.

"యాదికి లేదా మామా?"

"యాదికుంది. పుస్తకమే లేదు."

పట్టికను ఆ పుస్తకంలోనే మడిచి పెట్టేవాడు. ఆనాటి కంగారులో పుస్తకంతో సహా పొయ్యిలో వేశాడు. పట్టిక రాస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. ఇన్నాళ్లూ కాదన్నది అందుకే. "ఊరోళ్లకు ఎరుక లేదు," అన్నాడు తల దించుకుని.

"ఆ నంబరు ఇంకోదానికి ఏస్తా తియ్యి. ఎవలకు తెల్వది," అన్నాడు యాదగిరి.

"వద్దు. దాని పేరే రాయి. పక్కన, నర్సయ్య కాలవెట్టిండు అని రాయి."

యాదగిరి అలాగే రాశాడు. ఆ తర్వాత రెండు వందల పద్నాలుగు దాకా నర్సయ్య ఎక్కడా ఆగలేదు.

గ్రంథపాలకుడు మార్పుకు ఒప్పుకోకపోతే మొండితనమని బయటివాళ్లం తేలిగ్గా అనేస్తాం. వెళ్లేటప్పుడు బండిలో నేనూ ఆ మాటే రాసుకున్నాను. తిరుగుదారిలో కొట్టేశాను. ఈ దారిన వెళ్లేవాళ్లు గోల్కొండలోనే బండిని రానూపోనూ మాట్లాడుకోండి, పుప్పాలగూడలో కిరాయి బండి దొరకదు. బుధవారం సాయంత్రం ఆరు గంటలకు నర్సయ్య ఊరివాళ్లను అరుగు ముందు కూర్చోబెట్టి పట్టికంతా చదువుతాడు, నూట ముప్పై ఏడుతో సహా. విన్నాక కూడా వాళ్లు బీరువా తాళంచెవి ఆయన దగ్గరే ఉండనిస్తే, గురువారం పొద్దున ఏడింటికి మొదటి పాతిక పుస్తకాలు గచ్చిబౌలికి బయలుదేరతాయి.